సంగీత యాత్రికుడు పండిత భాత్ఖండే

విద్య దొంగలు దోచుకోలేని ధనమని మన పెద్దల విశ్వాసం. అది నిజమే. కాని దొంగలు దోచుకోలేని ధనం సైతం యజమానితోపాటు మట్టిలో కలిసిపోయే ప్రమాదం ఉంది. గురువు నోటినుండి శిష్యుని చెవికి చేరవలసిన విద్య, శిష్యుడు లేక, వ్రాతలో నిలువక, ఒక వృద్ధుని కడపటి ఊపిరితో అంతరించిపోతే దానిని తిరిగి తెచ్చే శక్తి ఎవరికుంది? నూరేండ్లకు పైబడిన కాలం క్రింద ఉత్తర హిందూస్థానపు సంగీతానికి ఇట్టి ఆపదే సంభవించింది. దానిని గుర్తించి, తన కష్టాలను మూటగట్టి ప్రక్కన పెట్టి, దేశమంతా తిరిగి, రాగాలను, పాటలను సేకరించిన ఒక వకీలు జీవితాన్ని గూర్చి మేము ఈ వ్యాసంలో ముచ్చటించదలచాము. ఆయనే పండిత విష్ణు నారాయణ భాత్ఖండే.

భాత్ఖండే 1860 ఆగస్టు 10వ తేదీన, శ్రీకృష్ణజన్మాష్టమి నాడు, బొంబాయిలోని వాల్కేశ్వర్‌లో జన్మించారు. కుటుంబం సంపన్నమైనది కాదు. సంగీతం వృత్తిగా గల ఇల్లూ కాదు. ఆ రోజుల్లో గౌరవ కుటుంబాలలో పాట వినడం తప్పు కాకపోయినా, పాటగాడు కావడం తప్పుగా ఎంచబడేది. అయినా బాలుడు చదువుతోపాటు వేణువును, కొంత పెద్దయ్యాక సితారును అభ్యసించారు. 1885లో బి.ఏ., 1887లో న్యాయశాస్త్ర పట్టా పొందారు. కొంతకాలం కరాచీలోను, అటు పిమ్మట బొంబాయిలోను వకీలు వృత్తి సాగించారు.

బొంబాయిలో పార్సీ పెద్దలు నెలకొల్పిన గాయన ఉత్తేజక మండలి అనే సభ ఉండేది. 1884లో ఆ సభలో చేరడమే భాత్ఖండే జీవితాన్ని మలుపు త్రిప్పింది. అక్కడ పేరుగన్న గాయకుల కచ్చేరీలు వినే అవకాశం, రావ్‌జీ బువా బేల్‌బాగ్కర్ వంటి గురువుల వద్ద ధ్రుపదాలు నేర్చే భాగ్యం ఆయనకు లభించాయి. పగలు న్యాయస్థానం, సాయంకాలం సంగీతం, రాత్రి గ్రంథపఠనం. భరతుని నాట్యశాస్త్రము, శార్ఙ్గదేవుని సంగీత రత్నాకరము మొదలైన గ్రంథాలను ఆయన శ్రద్ధతో పఠించారు. చదివినకొద్దీ ఒక సందేహం బలపడింది. గ్రంథాలలో చెప్పిన రాగలక్షణం ఒకటి, గాయకుడు సభలో పాడుతున్నది మరొకటి. ఒకే పేరుగల రాగాన్ని ఒక ఘరానా వారు ఒక తీరున, మరొక ఘరానా వారు వేరొక తీరున పాడుతున్నారు. ఇందులో ఏది ప్రమాణం? ఎందుచేత ప్రమాణం? ఈ ప్రశ్నకు బొంబాయిలో జవాబు దొరకలేదు. ఊరు విడిచి బయలుదేరక తప్పదని ఆయనకు తోచింది. 1896లో గుజరాతు, కాఠియవాడ ప్రాంతాలలో మొదటి పర్యటన గావించారు.

ఇంతలో విధి ఆయనపై రెండు దెబ్బలు వేసింది. 1900లో భార్య మరణించింది. 1903లో ఏకైక కుమార్తె కూడ మరణించింది. నలుబది మూడేండ్ల వయస్సున ఆ ఇల్లు ఒంటిమనిషి ఇల్లయింది. ఇట్టి సమయాన చాలామంది మరల గృహస్థులవుతారు, లేదా కాషాయం ధరిస్తారు. భాత్ఖండే ఈ రెండింటిలో దేనినీ కోరలేదు. ఆయన ప్రయాణానికి సన్నాహాలు మొదలుపెట్టారు.

ఆ సన్నాహాల తీరు మన విద్యార్థులు గమనింపదగినది. అది తీర్థయాత్రకు చేసే సన్నాహం వంటిది కాదు, వ్యాజ్యానికి సిద్ధపడే వకీలు సన్నాహం వంటిది. ఏ పట్టణంలో ఏ విద్వాంసుడున్నాడు, ఏ సంస్థాన గ్రంథాలయంలో ఏ తాళపత్రముంది అన్నది ముందుగా విచారించుకొనేవారు. శ్రుతులను గూర్చి, గ్రామ మూర్ఛనలను గూర్చి, రాగాల ఆరోహణావరోహణలను గూర్చి అడుగవలసిన ప్రశ్నలను వరుసగా వ్రాసి పెట్టుకొనేవారు. వెళ్ళిన చోటల్లా విన్నదానిని, చూచినదానిని దినచర్యలో వ్రాసుకొనేవారు. ఎవరి ప్రాపకమూ లేదు. వకీలు వృత్తిలో కూడబెట్టిన సొమ్మే దారిబత్తెం.

1904లో ఆయన మొదట దక్షిణాదికి వచ్చారు. ఉత్తరాది సంగీతాన్ని చక్కదిద్దదలచినవాడు దక్షిణానికి రావడమేమని కొందరికి అనుమానం కలుగవచ్చు. దక్షిణాన రాగాలకు ఒక శాస్త్రీయమైన వర్గీకరణ ఉందని ఆయన గ్రహించారు. దాని మూలాన్ని కండ్లారా చూడాలని ఆయన కోరిక. మద్రాసు, తంజావూరు, మధుర మొదలైన చోట్ల విద్వాంసులను కలిసికొని, చివరకు తిరునల్వేలి ప్రాంతంలోని ఎట్టయపురం చేరారు. అక్కడ ముత్తుస్వామి దీక్షితుల వంశానికి చెందిన వృద్ధ విద్వాంసుడు సుబ్బరామ దీక్షితులు ఉన్నారు. ఆయన రచించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని అనే మహాగ్రంథం ఆ 1904లోనే వెలువడింది. ఆ గ్రంథం మన తెలుగు భాషలో, తెలుగు లిపిలో ముద్రితమైనదని చెప్పుకోవడం మనకెంతో గర్వకారణం. పదునేడవ శతాబ్దికి చెందిన వేంకటమఖి చతుర్దండి ప్రకాశికను భాత్ఖండే దీక్షితులవారి ద్వారా సంపాదించారు. డెబ్బది రెండు మేళకర్తల పద్ధతికి మూలం ఆ గ్రంథమే. మరి రెండేండ్లకు, 1906లో, దీక్షితులు స్వర్గస్థులయ్యారు. యాత్రికుడు ఆలస్యం చేసి ఉంటే ఆ తలుపు మూసుకొనిపోయేది.

1907లో రెండవ పెద్ద యాత్ర. నాగపూరు, కలకత్తా, పూరీలతోపాటు మన విజయనగరం, హైదరాబాదులకు కూడ ఆయన వచ్చారు. హైదరాబాదులో నివసించిన పండితుడు కాశీనాథశాస్త్రి అప్పా తులసి అనంతర కాలంలో భాత్ఖండే పద్ధతిని బలపరుస్తూ సంస్కృతంలో గ్రంథాలు రచించారు. కలకత్తాలో రాజా సౌరీంద్రమోహన ఠాగూరుతో సంభాషణ జరిగింది.

1908లో ఆయన ఉత్తరాపథం పట్టారు. అలహాబాదు, కాశీ, ఆగ్రా, మధుర, ఢిల్లీ. పదునారవ శతాబ్దంలో షేర్షా సూరి బాగుచేయించి, సరాయిలు కట్టించి, నీడకు చెట్లు నాటించిన రాజమార్గం మీద వెలసి వర్ధిల్లిన నగరాలివి. ఆంగ్లేయుల కాలంలో దానికి గ్రాండ్ ట్రంక్ రోడ్డు అని పేరు వచ్చింది. భాత్ఖండే కాలానికి ప్రయాణికులు రైలుబండ్లు ఎక్కుతున్నా, ఆ బాట చరిత్ర ఆ ఊళ్ళ పాటలో నిలిచే ఉంది. సైన్యాలు, వర్తకులు, సూఫీలు, సాధువులు నడిచిన ఆ బాటలోనే సంగీతం కూడ నడిచింది. 1856లో అవధ్ నవాబు వాజిద్ అలీషా రాజ్యం కోల్పోయి కలకత్తా చేరినప్పుడు లక్నో పాట ఆయన వెంట తూర్పునకు సాగింది. 1857 తరువాత మొగలు దర్బారు అంతరించగా గాయకులు, వీణకారులు రాంపూరు, జయపూరు, గ్వాలియరు వంటి సంస్థానాలలో తలదాచుకొన్నారు. ఆ చెదరిపోయిన పూసలను మరల ఒక దారాన గ్రుచ్చడానికే భాత్ఖండే బయలుదేరారు. ఆ యాత్ర లక్నోకు, జయపూరుకు, బికనేరుకు, ఉదయపూరుకు కూడ సాగింది.

ప్రతి తలుపూ తెరుచుకోలేదు. కొందరు ఆయన ప్రశ్నలను పరీక్షగా భావించి నొచ్చుకొన్నారు. కొందరు పాడి వినిపించారు గాని వ్రాసుకోనివ్వలేదు. ఇక్కడ ఉస్తాదుల పక్షాన ఒక మాట చెప్పడం మా విధి. దర్బారులు పోయిన తరువాత ఆ కుటుంబాలకు పొలం లేదు, పింఛను లేదు. తాతలనుండి వచ్చిన పాటే వారి ఆస్తి, వారి పిల్లల అన్నం. దానిని ఒక అపరిచితుని పుస్తకంలో ధారపోయడానికి వారు వెనుకాడడంలో ఆశ్చర్యమేముంది? భాత్ఖండే ఒక్కొక్కప్పుడు ఈ సంగతి మరచారు. శాస్త్రం చదువని ఉస్తాదులను గూర్చి ఆయన రచనల్లో పరుషవాక్యాలున్నాయి. నేటి పరిశోధకులు దీనిని ఎత్తిచూపారు. అది న్యాయమే. మహనీయుల లోపాన్ని దాచడం వారిని గౌరవించడం కాదని మా అభిప్రాయం.

అయినా ఆయన భాండారాన్ని నింపినవారు కూడ ఆ ఉస్తాదులే. జయపూరు మహమ్మద్ అలీఖాన్ కుటుంబం వద్ద వందలకొద్దీ పాటలు ఆయనకు లభించాయి. రాంపూరు నవాబు హమీద్ అలీఖాన్ ఆదరణలో, తాన్‌సేన్ పరంపరకు చెందిన వీణకారుడు వజీర్ ఖాన్ సన్నిధిలో, ఆయన విద్య గ్రహించారు. అప్పటికే గ్రంథకర్తగా ఖ్యాతి గడించిన పండితుడు శిష్యుని ఆసనంలో కూర్చున్నారు. ఆ వినయమే ఆయన పరుషవాక్యాలకు ప్రాయశ్చిత్తమని మేము భావిస్తున్నాము.

యాత్రల ఫలం త్వరలోనే పండింది. చతుర పండితుడనే మారుపేరుతో శ్రీమల్లక్ష్యసంగీతమనే సంస్కృత గ్రంథం, మరాఠీలో నాలుగు సంపుటాల హిందుస్థానీ సంగీత పద్ధతి వెలువడ్డాయి. దక్షిణపు డెబ్బది రెండు మేళాల మార్గాన్ని దృష్టిలో ఉంచుకొని, ఉత్తరాది రాగాలను పది థాట్‌లుగా ఆయన విభజించారు. అందులో బిలావల్ మన ధీరశంకరాభరణం, కాఫీ మన ఖరహరప్రియ, భైరవ్ మన మాయామాళవగౌళ. ఎట్టయపురంలో దొరికిన విత్తనం యమునాతీరాన మొలకెత్తిందన్నమాట. ఈ పదింటిలో అన్ని రాగాలూ ఇమడవని విమర్శ ఉంది, అందులో సత్యమూ ఉంది. అయినా నేటికీ విద్యార్థులకు మొదటి పాఠం అదే. ఆరు భాగాల క్రమిక పుస్తకమాలికలో దాదాపు 1800 పాటలను స్వరలిపితో ఆయన అచ్చువేయించారు. ఘరానా గుమ్మం ముందు నిలబడే అర్హత లేని పేదబాలునికి సైతం ఆ పాటలు అందుబాటులోకి వచ్చాయి.

1916లో మహారాజా సయాజీరావు గైక్వాడ్ ఆదరణతో బరోడాలో మొదటి అఖిల భారత సంగీత సమ్మేళనాన్ని భాత్ఖండే నిర్వహించారు. ఉస్తాదులు, పండితులు ఒకే వేదికపై కూర్చుని రాగాలను గూర్చి వాదించుకొన్నారు. 1918లో గ్వాలియరులో మాధవ సంగీత విద్యాలయం, 1926లో లక్నోలో మారిస్ సంగీత కళాశాల వెలిశాయి. లక్నో ప్రయత్నంలో ఆయనకు కుడిభుజంగా నిలిచినవారిలో రాయ్ ఉమానాథ్ బలీతోపాటు అక్బర్‌పూరు తాలూక్దారు ఠాకూర్ నవాబ్ అలీఖాన్ ఒకరు. ఈయన మఆరిఫున్నగ్మాత్ అనే గ్రంథం ద్వారా భాత్ఖండే పద్ధతిని ఉర్దూ పాఠకులకు అందించారు. ఉర్దూ, తెలుగు ఒకే కప్పు క్రింద చదువుకొనే మాకు ఈ సంగతి ఎంతో ప్రియమైనది. తెలుగులో అచ్చయిన గ్రంథం ఆ యాత్రకు ఒక కొసన, ఉర్దూలో అచ్చయిన గ్రంథం మరొక కొసన నిలిచాయి.

1933లో పక్షవాతం ఆయనను మంచాన పడవేసింది. దేశమంతా తిరిగిన కాళ్ళు కదలలేదు. మూడేండ్లు అట్లే గడిపి, 1936 సెప్టెంబరు 19న, వినాయకచవితి నాడు, ఆయన కన్నుమూశారు. వంశంలో పేరు నిలిపే బిడ్డ లేడు. కాని శ్రీకృష్ణ రతన్‌జన్‌కర్ వంటి శిష్యులు లక్నో కళాశాలను నిలబెట్టారు. 1961లో భారత ప్రభుత్వం ఆయన స్మృతిచిహ్నంగా తపాలా బిళ్ళను విడుదల చేసింది. 1966లో ఆ కళాశాలకు ఆయన పేరే పెట్టబడింది. నేడది విశ్వవిద్యాలయంగా వెలుగొందుతున్నది.

ఈ జీవితాన్ని చదివినప్పుడు మాకొకటి తోచింది. పరీక్ష తప్పితేనే, ఇంట ఒక కష్టం కలిగితేనే ఇక మన పని అయిపోయిందని మేము పుస్తకం మూసివేస్తాము. భాత్ఖండే ఇల్లు శూన్యమైన మరుసటి యేడే ప్రశ్నల పుస్తకం చంక బెట్టుకొని బయలుదేరారు. దుఃఖం ఆయనను విడిచిపోయి ఉండదు. అది కూడ ఆయనతోపాటు ప్రయాణించి ఉంటుంది. కాని దారి చూపింది మాత్రం ప్రశ్న. మన ఊళ్ళలోనూ తాతలతో, అవ్వలతో అంతరించిపోతున్న పాటలు, పద్యాలు, కవ్వాలీలు, మర్సియాలు ఎన్నో ఉన్నాయి. రాబోయే సెలవుల్లో మాలో ఒక్కొక్కరు ఒక్కొక్క పాటనైనా ఒక వృద్ధుని నోట విని, ఆయన అనుమతితో వ్రాసుకొని తెస్తే, ఆ మహనీయునికి అంతకు మించిన నివాళి లేదని మేము విశ్వసిస్తున్నాము.