కేన్సర్ రోగులకు ఆశ్రయమిచ్చిన డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి

1886లో పుదుక్కోట్టైలో జన్మించిన ముత్తులక్ష్మి రెడ్డి 1912లో మద్రాసు వైద్య కళాశాల పట్టభద్రురాలయ్యారు. డాక్టర్ సుందరరెడ్డిని వివాహమాడారు. చెల్లెలిని కేన్సర్ కబళించగా, ఆ రోగులకొక ప్రత్యేక వైద్యశాల నెలకొల్పాలని సంకల్పించారు. 1952లో నెహ్రూ శంకుస్థాపన చేయగా, 1954లో అడయారులో 12 పడకలతో కేన్సర్ ఇన్‌స్టిట్యూట్ ప్రారంభమైంది. ఆమె కుమారుడు కృష్ణమూర్తి అచ్చట శస్త్రవైద్యులుగా సేవలందించారు.

రొమ్ము కేన్సర్ శోషరస నాళాల ద్వారా చంకలోని గ్రంథులకు పాకుతుంది. ఆ రోజులలో రొమ్ముతో పాటు ఛాతీ కండరాలను, చంక గ్రంథులను కూడా తొలగించేవారు. నేడు వ్యాధి తొలిదశలోనే కనబడితే, మొదట సోకే గ్రంథులను మాత్రమే తీసి పరీక్షిస్తారు. అవి నిర్దోషమైనచో తక్కినవి ముట్టరు. ఆలస్యమైనకొద్దీ ఈ అవకాశం సన్నగిల్లుతుంది.

1968లో ముత్తులక్ష్మి పరమపదించారు. రొమ్ములోనో చంకలోనో గడ్డ తగిలితే శోళవరం స్త్రీలు సిగ్గుతో దాచక వెంటనే వైద్యులను సంప్రదించడమే ఆమెకు నిజమైన నివాళి.