సేవయే సాంత్వనము

వంగదేశ విప్లవవీరుడు ఉల్లాస్‌కర్ దత్తు 1885లో జన్మించెను. అలీపూరు బాంబు కేసులో విధింపబడిన మరణశిక్ష యావజ్జీవ ద్వీపాంతరవాసముగా మార్చబడగా, 1909లో అండమాను సెల్యులర్ జైలు చేరెను. గానుగ త్రిప్పెను; మండుటెండలో ఇటుకలపని చేసెను. 1912లో పనికి నిరాకరింపగా సంకెలలతో వ్రేలాడదీసిరి. తీవ్రజ్వరము సోకి మతి చలించెను. పిదప మదరాసు ఉన్మాద వైద్యశాలకు పంపబడెను. 1920లో విముక్తి కలిగెను.

యౌవనమున ఆయన వలచిన లీల, బిపిన్ చంద్రపాలుని కుమార్తె, వితంతువై పక్షవాతముతో మంచము పట్టియుండెను. అరువదియేండ్లు దాటిన పిమ్మట ఆయన ఆమెను వివాహమాడెను. శిల్చరులో ఆ రోగిని పసిబిడ్డనువలె సాకెను. ఒకనాడు తన్ను తానెరుగజాలని చిత్తమే పరుల బాధకు ఊరటయయ్యెను. 1965లో ఆయన పరమపదించెను. రోగిశయ్యయే పూజాపీఠమైనవాని దరికి నిరాశ చేరదు.