ఇయాన్ డోనాల్డ్

ఇయాన్ డోనాల్డ్ (డిసెంబర్ 27, 1910 - జూన్ 19, 1987) బ్రిటనుకు చెందిన ప్రసూతి వైద్య నిపుణుడు. గర్భస్థ శిశువును అల్ట్రాసౌండు ద్వారా పరీక్షించే విధానానికి ఆద్యులలో ఒకడు.

బాల్యము, విద్య

ఇతడు ఇంగ్లాండులోని కార్న్‌వాల్ ప్రాంతంలో లిస్కర్డ్ పట్టణంలో వైద్యుల కుటుంబంలో జన్మించాడు. కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలో పట్టభద్రుడై, 1937లో లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రి వైద్య కళాశాలలో వైద్యవిద్య పూర్తిచేశాడు. రెండవ ప్రపంచయుద్ధంలో వైమానిక దళ వైద్యాధికారిగా పనిచేసినపుడు రాడార్, సోనార్ పరికరాలతో పరిచయం ఏర్పడింది. మండుతున్న విమానం నుండి సిబ్బందిని కాపాడినందుకు 1946లో ఎం.బి.ఇ. పురస్కారం లభించింది.

పరిశోధనలు

1954లో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ప్రసూతి శాస్త్ర ఆచార్యుడయ్యాడు. 1955 జూలై 21న రెన్‌ఫ్రూలోని బాయిలర్ల కర్మాగారానికి రోగుల నుండి తొలగించిన కణితులను తీసుకువెళ్ళి, లోహపు పగుళ్ళను కనిపెట్టే యంత్రంతో పరీక్షించాడు. నీటితిత్తులు, గట్టి గడ్డలు వేర్వేరు ప్రతిధ్వనులను ఇస్తాయని గమనించాడు. నయంకాని కడుపు క్యాన్సరుగా భావించబడిన ఒక స్త్రీ వ్యాధి నిజానికి అండాశయపు నీటితిత్తి అని ఈ పద్ధతి వలన తేలింది. శస్త్రచికిత్సతో ఆమె బ్రతికింది. ఇంజనీరు టామ్ బ్రౌన్, వైద్యుడు జాన్ మాక్‌వికార్‌లతో కలిసి వ్రాసిన పరిశోధనా వ్యాసం 1958 జూన్ 7న లాన్సెట్ పత్రికలో ప్రచురితమైంది.

గర్భిణులు, స్కానింగు ఫలితాలు

డోనాల్డ్ దైవభక్తుడు. బ్రిటనులో గర్భస్రావాన్ని అనుమతించిన 1967 నాటి చట్టాన్ని తీవ్రంగా వ్యతిరేకించాడు. గర్భస్రావం కోరి వచ్చిన స్త్రీల మనసు మార్చే ఉద్దేశంతో వారికి శిశువు చిత్రాలను చూపేవాడు. తెర మీది చిత్రాన్ని వైద్యుడు ఎలా చూపుతాడు, ఎలా వివరిస్తాడు అన్నది తల్లి నిర్ణయాన్ని ప్రభావితం చేయగలదని దీనివలన తెలుస్తుంది.

అయితే ఇతని శిష్యుడైన స్టూవర్ట్ క్యాంప్‌బెల్ 1972లో శిశువు కపాలం ఏర్పడని లోపాన్ని స్కానింగు ద్వారా కనుగొన్నట్లు ప్రకటించాడు. ఆ గర్భాన్ని తొలగించారు. యంత్రాలు మెరుగుపడిన కొలదీ మెదడులో చిన్న నీటితిత్తులు, గుండెలో తెల్లని చుక్క వంటి స్వల్ప విశేషాలు కూడా కనిపించసాగాయి. ఇవి వ్యాధులు కావు. నీటితిత్తులు సాధారణంగా కాన్పుకు ముందే మాయమవుతాయి. కానీ క్రోమోజోము లోపాలున్న శిశువులలో ఇవి కొంత ఎక్కువగా కనిపించుట వలన, వీటిని గర్భిణికి అనవసర భయం కలుగకుండా, అలాగని దాచకుండా ఎలా తెలపాలి అన్నది వైద్యులలో చర్చనీయాంశమైంది. ఇతర లోపాలేవీ లేక, క్రోమోజోము పరీక్షల ఫలితం కూడా అనుకూలంగా ఉంటే ఆందోళన చెందనవసరం లేదని నేటి వైద్యుల అభిప్రాయం.

చివరి రోజులు

1973లో సి.బి.ఇ. పురస్కారం పొంది, 1976లో పదవీ విరమణ చేశాడు. దీర్ఘకాలం హృద్రోగంతో బాధపడి, పలు శస్త్రచికిత్సలు చేయించుకొన్నాడు. 1987లో ఎసెక్స్‌లోని పాగిల్‌షామ్ గ్రామంలో మరణించాడు.