అంకితం వెంకట నరసింగరావుగారు
మన విశాఖపట్టణమున, వన్ టౌనునకుఁ జేరువనున్న డాబాగార్డెన్సులో, 1840లో గోడే వెంకట జగ్గారావుగారు వేధశాలను స్థాపించిరి. 1856లో వారు దివంగతులు కాఁగా, అల్లుఁడగు నరసింగరావుగారు దానిని నిలిపిరి. 1874 డిసెంబరు 9వ తేదీన శుక్రుఁడు సూర్యబింబమును దాఁటుటను వారిచ్చట గమనించి లండనుకుఁ దెలిపిరి.

వారి కాలముననే, 1882లో, మహాధూమకేతువొకటి సూర్యుని మిక్కిలి సమీపించి ఖండములైనది. దగ్గఱి భాగమున ఆకర్షణ హెచ్చు, దూరపు భాగమునఁ దక్కువ యగుటయే కారణము. వారెఱుఁగని మహాకృష్ణబిలములు నక్షత్రములను జీల్చుటయు నిట్లే. అవి జంటగా నున్నచో, ఒకటి నక్షత్రముల దారి తప్పించి మఱియొకదాని దరికిఁ ద్రోయును.

నరసింగరావుగారు 1892లో గతించిరి. ఆ వేధశాల నేఁడు లేదు. విద్యార్థులారా, ఆకాశమును గడియ తప్పక కొలిచిన వారి యోర్పునైనను మనము పోఁగొట్టుకొనరాదు.