అఘోరనాథ్ చటోపాధ్యాయ

అఘోరనాథ్ చటోపాధ్యాయ (1851 ప్రాంతం - 1915 జనవరి 28) హైదరాబాదు రాజ్యంలో ఆధునిక కళాశాల విద్యకు పునాది వేసినవారిలో ముఖ్యుడు, రసాయన శాస్త్రవేత్త, నిజాం కళాశాల మొదటి ప్రిన్సిపాల్. ఈయన కుమార్తె సరోజినీ నాయుడు. నేటి మొజంజాహీ మార్కెట్‌కు దగ్గరలో, ఆబిడ్స్ - నాంపల్లి ప్రాంతంలో ఉన్న గోల్డెన్ త్రెషోల్డ్ అనే భవనం ఈయన కుటుంబం నివసించిన ఇల్లు.

బాల్యం, విద్యాభ్యాసం

అఘోరనాథ్ తూర్పు బెంగాల్‌లోని విక్రమపూర్ ప్రాంతానికి చెందిన బ్రాహ్మణ్‌గావ్ గ్రామంలో, సంస్కృత పాండిత్యం గల కుటుంబంలో జన్మించాడు. ఈ ప్రాంతం ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉన్నది. ఢాకాలో పాఠశాల చదువు ముగించి, కలకత్తాలోని ప్రెసిడెన్సీ కళాశాలలో చేరాడు. యువకుడుగా ఉన్నప్పుడే బ్రహ్మసమాజం వైపు ఆకర్షితుడయ్యాడు. కేశవచంద్ర సేన్ నడిపిన భారత ఆశ్రమంలో చదువుకున్న వరదసుందరీ దేవి ఈయన భార్య.

గిల్‌క్రైస్ట్ ఉపకారవేతనం లభించడంతో ఈయన స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరో విశ్వవిద్యాలయానికి వెళ్ళాడు. ఆ విశ్వవిద్యాలయం 1864లో సైన్సు పట్టాలను ప్రత్యేకంగా ప్రవేశపెట్టింది. అంతవరకు ప్రకృతి శాస్త్రాలు ఎక్కువగా వైద్యవిద్యలోనో, ఆర్ట్స్ పట్టాలోనో భాగంగా ఉండేవి. 1870లలో అక్కడ రసాయన శాస్త్రానికి క్రమ్ బ్రౌన్, భౌతిక శాస్త్రానికి టెయిట్, వృక్షశాస్త్రానికి బాల్ఫర్ ఆచార్యులు. ప్రకృతి చరిత్ర ఆచార్యుడైన వైవిల్ థామ్సన్ 1872లో ఛాలెంజర్ నౌకలో సముద్ర పరిశోధన యాత్రకు వెళ్ళగా, ఆయన లేని కాలంలో 1875, 1876 వేసవులలో హక్స్‌లీ వచ్చి పాఠాలు చెప్పాడు. డార్విన్ సిద్ధాంతంపై చర్చ తీవ్రంగా సాగుతున్న ఆ రోజులలోనే అఘోరనాథ్ అక్కడ విద్యార్థి. రసాయన శాస్త్రంలో హోప్ బహుమతిని, బాక్స్‌టర్ ఉపకారవేతనాన్ని పొందాడు. 1877లో డాక్టర్ ఆఫ్ సైన్స్ పట్టా సాధించాడు. ఈ పట్టా పొందిన మొదటి భారతీయుడుగా ఈయనను పేర్కొంటారు. తరువాత జర్మనీలోని బాన్‌లో కొంతకాలం చదువు కొనసాగించాడు.

హైదరాబాదు రాక

స్వదేశానికి తిరిగివచ్చాక 1878లో నిజాం ప్రభుత్వ ఆహ్వానంపై హైదరాబాదు చేరాడు. అప్పటికి ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ మైనరు. పరిపాలన ప్రధానమంత్రి మొదటి సాలార్ జంగ్ చేతిలో ఉండేది. రాజ్యంలో పారశీకం, అరబ్బీ విద్యలకు పేరుండేది గాని, పట్టభద్ర స్థాయిలో సైన్సు చదవదలచినవారు మద్రాసు, బొంబాయి, కలకత్తా వంటి దూరప్రాంతాలకు పోవలసివచ్చేది. ఈ లోటును తీర్చడానికి అఘోరనాథ్ ఆంగ్ల మాధ్యమ పాఠశాలను అభివృద్ధి చేసి, హైదరాబాదు కళాశాలకు ప్రిన్సిపాల్‌గా పనిచేశాడు. బాలికల చదువును కూడా భార్యతో కలసి ప్రోత్సహించాడు.

చాందా రైలుమార్గ వివాదం

హైదరాబాదు నుండి చాందా వైపు, బెజవాడ వైపు రైలుమార్గాన్ని పొడిగించే పథకాన్ని 1880లలో ప్రభుత్వం తలపెట్టింది. ఇందులో లండన్ పెట్టుబడిదారుల ప్రమేయం ఉన్నందున రాజ్య ఖజానాపై పడే భారమెంతో ప్రజలకు తెలియాలని నగరంలోని కొందరు విద్యావంతులు కోరారు. వీరిలో అఘోరనాథ్, ముల్లా అబ్దుల్ ఖయ్యూం ఉన్నారు. 1883 ఫిబ్రవరిలో సాలార్ జంగ్ మరణించాడు. అదే సంవత్సరం మే నెలలో ప్రభుత్వం అఘోరనాథ్‌ను ఉద్యోగం నుండి తప్పించి, రాజ్యం నుండి బహిష్కరించింది. సరోజిని అప్పటికి నాలుగేళ్ళ పిల్ల. ప్రభుత్వ వ్యయం గురించి పౌరులు బహిరంగంగా ప్రశ్నించడం హైదరాబాదు రాజ్యంలో అరుదైన ఆ కాలంలో, ఈ సంఘటనను అక్కడి రాజకీయ చైతన్యానికి తొలి గుర్తులలో ఒకటిగా చరిత్రకారులు భావిస్తారు. కొన్నాళ్ళ తరువాత ప్రభుత్వం ఆయనను తిరిగి పిలిపించి విద్యాశాఖలో నియమించింది.

నిజాం కళాశాల

1887లో హైదరాబాదు స్కూలు, మదర్సా-ఎ-ఆలియాలను కలిపి నిజాం కళాశాలను ఏర్పాటు చేశారు. దీనికి అఘోరనాథ్ మొదటి ప్రిన్సిపాల్. ఈ కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది. ఆనాటి మద్రాసు పద్ధతిలో మెట్రిక్యులేషన్ తరువాత రెండేళ్ళ ఎఫ్.ఏ., ఆపైన రెండేళ్ళ బి.ఏ. చదవాలి. జీవశాస్త్రానికి ప్రత్యేకంగా బి.యస్సీ. పట్టా ఉండేది కాదు. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం వంటివి ప్రకృతి శాస్త్రం అనే ఐచ్ఛిక విభాగంగా బి.ఏ.లోనే ఉండేవి. ఆంగ్లంలో, మరొక భాషలో పరీక్ష నెగ్గితే తప్ప సైన్సు విద్యార్థికి పట్టా దక్కేది కాదు.

1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఇందుకు భిన్నంగా ఉర్దూ మాధ్యమాన్ని ఎంచుకున్నది. దాని మొదటి తరగతులు 1919లో ఆబిడ్స్, గన్‌ఫౌండ్రీ పరిసరాలలోని భవనాలలో జరిగాయి. నిజాం కళాశాల మాత్రం 1947 వరకు మద్రాసు విశ్వవిద్యాలయంతోనే ఉండి, ఆ సంవత్సరం ఉస్మానియాలో భాగమయింది.

కుటుంబం

అఘోరనాథ్, వరదసుందరి దంపతులకు ఎనిమిదిమంది సంతానం. పెద్ద కుమార్తె సరోజిని 1879 ఫిబ్రవరి 13న హైదరాబాదులో జన్మించింది. ఆమె గణితవేత్త లేదా శాస్త్రవేత్త కావాలని తండ్రి ఆశించాడు. పదకొండేళ్ళ వయసులో బీజగణితం లెక్క తెగక కూర్చున్న సమయంలో ఆమె తన మొదటి కవిత వ్రాసింది. పన్నెండవ ఏట మద్రాసు మెట్రిక్యులేషన్ పరీక్షలో నెగ్గి పేరు తెచ్చుకున్నది. 1898లో ఆమె కులాంతరుడైన డాక్టర్ గోవిందరాజులు నాయుడును వివాహమాడినప్పుడు తండ్రి అడ్డు చెప్పలేదు. కుమారులలో వీరేంద్రనాథ్ విదేశాలలో ఉండి స్వాతంత్ర్యోద్యమంలో పనిచేసిన విప్లవకారుడు. హరీంద్రనాథ్ కవి, నటుడు.

అఘోరనాథ్ ఇల్లు పండితులకు, కవులకు, విద్యార్థులకు, రసవాదులకు ఎల్లప్పుడు తెరచి ఉండేది. లోహాలను బంగారంగా మార్చవచ్చునన్న రసవాదంపై ఆయనకు ఆసక్తి ఉండేది. ఆధునిక రసాయన శాస్త్రంలో అత్యున్నత పట్టా పొందిన వ్యక్తికి ఈ అభిరుచి ఉండడం వింతగా తోస్తుంది. ఐనా శిష్యులకు, పిల్లలకు ఆయన నుండి అబ్బినది మాత్రం ప్రశ్నించే అలవాటు.

చివరి రోజులు

ఉద్యోగ విరమణ తరువాత అఘోరనాథ్ కలకత్తాలో స్థిరపడి, 1915 జనవరి 28న అక్కడే మరణించాడు.

గోల్డెన్ త్రెషోల్డ్

సరోజిని 1905లో ప్రచురించిన మొదటి ప్రధాన కవితా సంపుటి పేరే ఈ ఇంటికి వచ్చింది. ఆమె కుమార్తె పద్మజా నాయుడు ఈ ఇంటిని హైదరాబాదు విశ్వవిద్యాలయానికి ఇచ్చింది. 1974లో పార్లమెంటు చట్టంతో ఏర్పడిన ఆ కేంద్రీయ విశ్వవిద్యాలయం తన తొలి సంవత్సరాలలో ఇక్కడి నుండే పనిచేసి, తరువాత గచ్చిబౌలి ప్రాంగణానికి తరలివెళ్ళింది. జీవశాస్త్రాల బోధనకు, పరిశోధనకు ఆ విశ్వవిద్యాలయం దేశంలో పేరు పొందింది. ఈ విధంగా నగరంలో కళాశాల చదువును ప్రారంభించిన వ్యక్తి కుటుంబపు ఇల్లే మరొక విద్యాసంస్థకు తొలి చిరునామా అయింది.