బ్రౌన్ దొర, మా జిరాక్సు షాపు సర్వరు

పోయిన వేసవి దాకా నాకు సి.పి. బ్రౌన్ అంటే రెండే ముక్కలు తెలుసు. నిఘంటువు రాసినాడు, కడపలో ఆయన పేరు మీద లైబ్రరీ ఉంది. బిట్టు ప్రశ్నకు అవి చాలు. ఆయన గురించి పుస్తకాలు తెచ్చుకొని చదివేట్టు చేసింది నేను చేసిన ఒక తప్పు.

ప్రొద్దుటూరులో మా చిన్నాయనకు జిరాక్సు షాపు ఉంది. అందులో ఆరు పాత కంప్యూటర్లు. దరఖాస్తులు నింపను వచ్చే పిల్లోళ్ల ఆధార్ కార్డులు, హాల్‌టికెట్లు డౌన్‌లోడ్స్‌లో కుప్ప పడి ఉండేవి. తర్వాత వచ్చినోడికి ముందోడి జాతకమంతా కనిపించేది. పులివెందులలో సీఎస్ఈ చదువుతా ఉన్నా కాబట్టి దాన్ని బాగుచేసే పని నా నెత్తిన పడింది. ఉన్నవాటిలో గట్టి కంప్యూటర్‌కు డెబియన్ వేసి సర్వర్ చేసినాను. ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్, దానికి ఎక్స్‌ఆర్‌డీపీ, ముందర గ్వాకమోలీ. మిగతావాటిలో బ్రౌజర్ తెరుచుకుంటే చాలు, డెస్క్‌టాప్ సర్వర్ నుంచే వస్తుంది. జమ్మలమడుగులో మా బావ అంగట్లోని రెండు కంప్యూటర్లను కూడా వైర్‌గార్డ్ మీదుగా దీనికే కలిపినా. అన్నీ ఓపెన్ సోర్సే, లైసెన్సులకు పైసా కాలేదు.

ఇంక తాళాలు. ప్యానెల్ కదలదు, టెర్మినల్ అందదు, ఫైర్‌ఫాక్స్ సెట్టింగులు పాలసీ ఫైలుతో బిగించినా. పెన్‌డ్రైవులు సర్వర్ దాకా రావు, స్కానర్‌కు మాత్రం ఒక దారి వదిలినా. హోమ్ ఫోల్డర్‌ను టీఎంపీఎఫ్ఎస్ మీద, అంటే ఉత్త ర్యామ్‌లో పెట్టినా. లాగవుట్ అయితే అంతా మాయం. నాకైతే భలే గర్వం.

షాపుకు రిటైరైన తెలుగు సార్ ఒకరు వస్తుండేవారు. వాళ్ల జేజి పాడిన దంపుళ్ల పాటలు గుర్తున్నన్ని టైపు చేసుకుంటున్నారు. నాలుగు సాయంత్రాలూ బ్రౌజర్ మూసి పోయినారు గానీ లాగవుట్ చేయలేదు. సెషన్ లోపల బతికే ఉంది కాబట్టి పాటలు మరుసటి రోజు కనిపించేవి. ఐదో రోజు నేను పులివెందుల హాస్టల్ నుంచి అప్‌డేట్లు వేసి సర్వర్ రీబూట్ చేసినా. పాటలు పోయినాయి. సార్ తిట్టలేదు. అటక మీది తాళపత్రాల గతి పట్టించినావు కదరా అని నవ్వి, ముందు బ్రౌన్ సంగతి చదివి రమ్మన్నారు.

బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ మతాచార్యుడు. ఆయన 1812లో పోయాక కుటుంబం ఇంగ్లండు చేరింది. హెయిలీబరీలో కంపెనీ కొలువుకు చదువుకొని 1817లో మద్రాసులో దిగాడు. వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర తెలుగు నేర్చుకున్నాడు, మనలాగే పరీక్ష గట్టెక్కడానికి. 1820లో కడప కలెక్టరు కింద ఉద్యోగం. మరుసటి ఏడే ఇక్కడ పిల్లలకు ఉచిత బడి పెట్టాడు.

తర్వాత మచిలీపట్నం బదిలీ అయింది. అబ్బే దుబాయ్ అనే ఫ్రెంచి పాదరీ రాసిన పుస్తకంలో వేమన పేరు చూసి పద్యాల కోసం వెతకడం మొదలుపెట్టాడు. దొరికిన తాళపత్రాలు ఒకదానితో ఒకటి కలవవు. ఒకదానిలో ఉన్న పద్యం ఇంకోదానిలో ఉండదు, ఉన్నా మాట మారిపోయి ఉంటుంది. మనం గిట్‌లో మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ ఒకటి వస్తేనే తల పట్టుకుంటాం. ఆయన వాటన్నిటినీ పోల్చి 1829లో 693 పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించాడు. పదేళ్లకు అది 1164 పద్యాల పుస్తకం అయింది.

మళ్లీ కడపకు వచ్చాక తోటతో ఉన్న బంగళా కొన్నాడు. పండితులను, లేఖకులను జీతాలిచ్చి కూర్చోబెట్టాడు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి ఆ పనులు చూసుకునేవాడు. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య లాంటి పండితులు పాఠాలు సరిచూసేవాళ్లు. ఒక కావ్యానికి నాలుగైదు ఊళ్ల ప్రతులు తెప్పించడం, తేడాలు రాసుకోవడం, చివరికి శుద్ధప్రతి తీయడం, ఇదీ వాళ్ల పని. తాళపత్రం తాళం వేసి దాస్తే బతకదు. చెదలు పట్టకముందే ఎవరో ఒకరు తిరగరాయాలి. ఆ తిరగరాతకు ఆయన పెట్టింది సొంత డబ్బు, చాలక చేసింది అప్పు.

ఆయన్ను దేవుణ్ని చేయడం నాకు ఇష్టం లేదు. కంపెనీ జీతం తిన్న మనిషే. నిఘంటువు మీద పేరు ఆయనొక్కడిదే, వెనక రాసిన చేతులు ఎన్నో. అయినా 1832–33 గుంటూరు కరువులో పైవాళ్లు కొరత అని రాయమంటే ఆయన కరువు అనే రాశాడు. మాట విలువ తెలిసినవాడు. 1834లో ఉద్యోగం పోయింది, లండన్ వెళ్లాడు. అక్కడ కంపెనీ గ్రంథాలయంలో ఎవరూ తెరవని దక్షిణాది రాతప్రతులు కనిపించాయి. వాటిని మద్రాసుకు తిరిగి పంపేట్టు చేసి తనూ తిరిగొచ్చాడు.

మద్రాసులో అనువాదకుడు, కొన్నాళ్లు పోస్టుమాస్టర్ జనరల్. కర్నల్ మెకంజీ రాయించిన కైఫియత్తులు శిథిలమవుతుంటే వాటినీ తిరగరాయించాడు. మన జిల్లా పల్లెల పాత కథలు మనం ఇప్పుడు చదువుతున్నామంటే అందులో ఆ పనికీ పాలుంది. తన ప్రతులన్నీ పెట్టెలో దాచుకోకుండా మద్రాసు లిటరరీ సొసైటీకి ఇచ్చేశాడు. తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో, మిశ్రభాషా నిఘంటువు 1854లో వచ్చాయి. 1855లో ఉద్యోగం మాని లండన్ వెళ్లి, అక్కడి విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడుగా కూడా ఉన్నాడు. పెళ్లి చేసుకోలేదు. 1884 డిసెంబరు 12న పోయాడు. కడపలో ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు లైబ్రరీ ఉంది. జానుమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుబట్టి నిలబెట్టింది అది.

చదివినాక సర్వర్ ముందు మళ్లీ కూర్చున్నా. దరఖాస్తులకు వచ్చేవాళ్ల అతిథి సెషన్ పాతలాగే తుడిచిపెట్టుకుపోతుంది, వాళ్ల ఆధార్ ఇంకొకరికి కనబడకూడదు కదా. సిస్టమ్ భాగం రీడ్ ఓన్లీ. రాసుకునేవాళ్లకు మాత్రం పాస్‌వర్డుతో సొంత అర ఇచ్చినా. రోజూ రాత్రి రెస్టిక్ దాని కాపీని జమ్మలమడుగు కంప్యూటర్‌కు పంపుతుంది. సెషన్ మూసే ముందు ఏది పోతుందో, ఏది ఉంటుందో తెలుగులో కనిపిస్తుంది. బ్రౌన్ నిఘంటువు నెట్‌లో ఎట్లాగూ ఉంది, దాని లింకు డెస్క్‌టాప్ మీద పెట్టినా.

సార్ మళ్లీ మొదటి నుంచి టైపు చేస్తున్నారు. రెండు పాటలు సగం గుర్తు రాలేదు. జమ్మలమడుగులో మా బావ వాళ్ల అమ్మకు అందులో ఒకటి వచ్చునని తెలిసి, అక్కడి కంప్యూటర్‌లో మా బావ కూర్చొని ఆమె చెప్తుంటే కొట్టినాడు. సార్ దానితో పోల్చి చూస్తే ఒక చరణం వేరేగా ఉంది. రెండూ ఉంచమన్నారు. ఇంకో పాట ఇంతవరకు దొరకలేదు.