గిల్బర్ట్ లూయిస్

రసాయనశాస్త్రం నోటుపుస్తకంలో మూలకం సంకేతం రాసి, దాని చుట్టూ చుక్కలు పెట్టడం మీకు తెలుసు. ఆ చుక్కలు మనకిచ్చినవాడు గిల్బర్ట్ న్యూటన్ లూయిస్.

లూయిస్ 1875 అక్టోబరు 23న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, వేమౌత్ అనే ఊరిలో జన్మించాడు. చిన్నతనంలో ఆయన చదువు చాలావరకు ఇంటివద్దనే సాగింది. 1899లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేట్ పట్టం పొందాడు. తరువాత అక్కడే అధ్యాపకుడయ్యాడు.

పరమాణువులు ఒకదానితో ఒకటి ఎందుకు కలుస్తాయి? ఆ రోజుల్లో ఈ ప్రశ్నకు సరియైన సమాధానం లేదు. ఎలక్ట్రాను సంగతి లోకానికి తెలిసింది 1897లోనే. 1902లో విద్యార్థులకు పాఠం చెప్పడానికి లూయిస్ ఒక ఉపాయం ఆలోచించాడు. పరమాణువును పాచికవంటి ఘనంగా ఊహించి, దాని ఎనిమిది మూలల్లో ఎలక్ట్రానులను ఉంచి బొమ్మలు గీశాడు. ఆ బొమ్మలు పద్నాలుగేళ్లు ఆయన కాగితాల్లోనే ఉండిపోయాయి.

1912లో లూయిస్ బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరాడు. 1916లో తన ఆలోచనను వ్యాసంగా ప్రకటించాడు. రెండు పరమాణువులు ఒక జత ఎలక్ట్రానులను ఉమ్మడిగా ఉంచుకోవడమే బంధమని వివరించాడు. బాహ్యకక్ష్యలోని ఎలక్ట్రానులను చుక్కలతో చూపాడు.

క్లోరిన్ పరమాణువుకు అలాంటి ఎలక్ట్రానులు ఏడు. సంకేతం చుట్టూ మూడు జతల చుక్కలు, ఒక ఒంటరి చుక్క పెట్టాలి. రెండు క్లోరిన్ పరమాణువులు కలిసినప్పుడు ఆ ఒంటరి చుక్కలు రెండూ మధ్యలో జతకడతాయి. అప్పుడు ప్రతి పరమాణువు చుట్టూ ఎనిమిది చుక్కలు లెక్కకు వస్తాయి. ఆక్సిజన్‌కు ఆరు చుక్కలు. వాటిలో రెండు ఒంటరివి. అందువల్లనే నీటి అణువులో ఒక ఆక్సిజన్‌తో రెండు హైడ్రోజన్‌లు కలుస్తాయి. హైడ్రోజన్‌కు మాత్రం రెండు చుక్కలు చాలు.

1919 నుండి ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ ఈ సిద్ధాంతాన్ని విస్తరించి, ఉపన్యాసాల ద్వారా ప్రచారం చేశాడు. కీర్తిలో ఎక్కువ భాగం ఆయనకు దక్కడం లూయిస్‌ను నొప్పించింది. అయినా పరిశోధన మానలేదు. 1923లో ఈ విషయంపై గ్రంథం రాశాడు. ఆమ్ల క్షారాలకు కొత్త నిర్వచనం ఇచ్చాడు. నోబెల్ బహుమతికి ఆయన పేరు ఎన్నోసార్లు ప్రతిపాదించినా, అది ఆయనకు లభించలేదు. ఆయన శిష్యుడు హెరాల్డ్ యూరేకు మాత్రం 1934లో లభించింది.

1946 మార్చి 23న లూయిస్ బర్క్‌లీలోని తన ప్రయోగశాలలోనే కన్నుమూశాడు. తరగతిలో పిల్లలకోసం పుట్టిన ఆలోచన మళ్లీ తరగతి గదులకే చేరింది. నేడు ప్రపంచమంతటా విద్యార్థులు ఆ చుక్కలతోనే రసాయన బంధాన్ని నేర్చుకుంటున్నారు.